చివరి స్తంభం దాకా

మొన్న ఆదివారం పొద్దున మౌంట్ రాస్కిల్‌లో మా వీధంతటికీ కరెంటు పోయింది. పొయ్యి మీద కుక్కరు ఇంకా ఒక్క కూత కూడా వెయ్యలేదు. కంపెనీకి ఫోన్ చేశాను. రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది, సాయంత్రానికల్లా వచ్చేస్తుందని. పక్కనే ఉన్న మా అమ్మాయి నా మొహం చూసి, "వాట్ హ్యాపెండ్ అమ్మా? ఇట్స్ జస్ట్ పవర్," అంది.

దానికేం చెప్పను? 'సాయంత్రానికల్లా' అన్న ఆ ఒక్క మాట మీద పగబట్టి, ఒక లోయ లోయంతా కరెంటు స్తంభాలు పీకించిన మనిషి నాకు తెలుసని చెప్పాలా? ఆవిడ పోయి ఏడాది దాటింది. చెప్పినా ఇది నమ్మదు. నమ్మేవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడని నేను అక్కా అనేదాన్ని. వినీ వినీ ఆ లోయలోని గొర్రెల రైతులు కూడా అదే ఆవిడ పేరనుకున్నారు. ఉత్తరాలు తెచ్చే ఆయన "గుడ్ మార్నింగ్, అక్కా" అనేవాడు. అక్క పొట్టి మనిషి. వేసవిలో కూడా తలమీద భర్త తాలూకు ఉన్ని టోపీ ఉండేది. ఇంట్లోంచి బయటికొచ్చిన ప్రతిసారీ, పెనం కాలిందో లేదో చూసినట్టు అరచెయ్యి బోర్లించి ఎండలోకి చాపేది. "కాలింది, పదండి," అంటూ నిచ్చెన భుజానికెత్తుకునేది.

అనంతపురం దగ్గర పల్లె వాళ్ళది. అక్కడ కరెంటాఫీసులో ఇంజినీరుగా చేసింది. ఇక్కడ ఆ చదువునీ ఆ ఉద్యోగాన్నీ ఎవరూ లెక్కచెయ్యకపోతే, వెల్లింగ్టన్‌లో ఒక ప్రభుత్వ శాఖలో నా పక్క సీట్లో కూర్చుని కంప్యూటర్‌లోకి పేర్లూ చిరునామాలూ ఎక్కించేది. ఆ రోజుల్లో ఆవిడ నవ్వితే మా ఫ్లోర్ చివరిదాకా వినపడేది. తర్వాత పరిచయమైన వాళ్ళెవరూ ఈ సంగతి నమ్మరు.

వాళ్ళాయనకి ఊపిరితిత్తుల జబ్బు. ఎప్పుడూ సిగరెట్ ముట్టని మనిషికి అదెలా వచ్చిందో డాక్టర్లే చెప్పలేకపోయారు. వెల్లింగ్టన్ గాలిలో బస్టాపు దాకా నడవలేకపోయేవాడు. అప్పటికి అక్క ఉద్యోగం ఇంట్లోంచి చేసుకునేదే అయింది కాబట్టి, కొండలు దాటి వైరరాపా వైపు ఒక లోయలో ఇల్లు కొనుక్కున్నారు. "కరెంటు తీగ మా ఇంటితో ఆఖరు సుధా. ఆ పక్కంతా కొండే," అని ఫొటోలు చూపించి మురిసిపోయింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం ఒకటి ఆయన కుర్చీ పక్కన రాత్రింబవళ్ళు గుర్రుగుర్రుమంటూ ఉండేది. దానికీ ఆయనకీ మధ్య సన్నటి గొట్టం. ఆ గొట్టం పొడవు మేరకే ఆయన ప్రపంచం.

ఒక చలికాలం గాలివాన పట్టుకుంది. పొద్దున్నే కరెంటు పోయింది. ఇంట్లో అవసరానికని ఉంచుకున్న సిలిండర్ ఒకటి ఉంది. అది సాయంత్రం దాకా వస్తుంది. రోడ్డు ఇంకా బాగానే ఉంది. అక్క ఆయనకి స్వెట్టర్ తొడిగి, కారు బయటికి తీసింది కూడా. ఒకసారి అడిగి చూద్దామని కంపెనీకి ఫోన్ చేసింది. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న మనిషి ఉన్నాడని చెప్పింది. "సాయంత్రానికల్లా వచ్చేస్తుంది మేడమ్. మనుషులు బయల్దేరారు," అంది అవతలి అమ్మాయి. అంత చలిలో ఆయన్ని కదిలించడం ఎందుకని కారు మళ్ళీ లోపల పెట్టేసింది. మధ్యాహ్నం మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మాట. ఆ తర్వాత కాసేపటికి ఏరు పొంగి రోడ్డెక్కింది. ఫోన్లు కూడా పోయాయి. సిలిండర్ అయిపోయింది. తెల్లారేలోగా ఆయనా పోయాడు.

బయల్దేరిన మనుషులెవరూ లేరు. ఈ సంగతి ఆ ఫోనెత్తిన అమ్మాయే వచ్చి చెప్పింది. చిన్న ఊళ్ళలో అంతే, ఆ అమ్మాయి అదే లోయలో ఉండే మిరి ఆంటీకి అన్నకూతురు. గుమ్మంలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. పనివాళ్ళందరినీ పొద్దున్నే టౌన్ వైపు పంపేశారట. కొండ దారుల వాళ్ళు ఎవరు ఫోన్ చేసినా "మనుషులు బయల్దేరారు, సాయంత్రానికల్లా వస్తుంది" అనే చెప్పమని మేనేజర్ గట్టిగా చెప్పాడట. అలా చెబితే మళ్ళీ మళ్ళీ ఫోన్లు చెయ్యరని.

కర్మ అయిన మర్నాడు ఆ మేనేజరే వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఇస్త్రీ చొక్కా, చేతిలో కంపెనీ రిబ్బన్ కట్టిన పళ్ళబుట్ట. అక్క ఆయన్ని సరిగ్గా భర్త కుర్చీలోనే కూర్చోబెట్టి, ఆ యంత్రం స్విచ్ వేసింది. గొట్టం చివర నేలమీద పడి బుసబుసమంటోంది.

ఆయన ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి ఆగాడు. "దీన్ని కాస్త ఆపుతారా? మాట వినపడటం లేదు."

"ఇన్నేళ్ళూ మేం దాని పక్కనే మాట్లాడుకున్నాం. మీరూ గట్టిగా మాట్లాడండి," అంది అక్క.

ఆయన గొంతు పెంచాడు. 'మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాం' అనే మాటని అరిచి చెప్పాల్సొస్తే ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను. ఆ చావింట్లో నాకు నవ్వొచ్చింది.

"మనుషులు బయల్దేరారని ఎందుకు చెప్పించారు?" అనడిగింది అక్క.

"మీరు అర్థం చేసుకోవాలి. టౌన్‌లో వేల ఇళ్ళున్నాయి. ఈ తీగ చివర ఉన్నవి కొద్ది ఇళ్ళే."

"ఎందుకు రాలేదని నేను అడగలేదు. వస్తున్నారని ఎందుకు చెప్పారని అడిగాను."

ఆయన యంత్రం వంక చూశాడు. నా వంక చూశాడు. లేచి వెళ్ళిపోయాడు. పళ్ళని అక్క మిరి ఆంటీ పందులకి వేసొచ్చింది. చేతులు కడుక్కుంటూ, ఏదో కూర సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది: "సుధా, వాడి తీగ ఈ లోయలో ఉండకూడదు. పీకిస్తా."

"ఊరుకో అక్కా. అదెలా అవుతుంది?"

"పైన ఎండంతా ఊరికే పోతాంది గదా."

ఆ రోజు నుంచి అక్క నోట్లో కంపెనీ కంపెనీ కాదు, మేనేజర్ మేనేజర్ కాదు. అన్నీ కలిపి 'వాడు'. కరెంటు పోతే "వాడు తీసినాడు". వస్తే "వాడు వదిలినాడు". కార్లో వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక్కో స్తంభం వచ్చినప్పుడల్లా స్టీరింగ్ మీద వేలు కొట్టి, "నీ పని చెప్తా ఉండు," అనేది. మొదట్లో భయమేసింది, మతి చలించిందేమోనని. తర్వాత్తర్వాత నేను కూడా కొన్ని స్తంభాలకి చెప్పాను.

వెల్లింగ్టన్‌లో తెలుగువాళ్ళ వనభోజనాల్లో ఒక పెద్దావిడ అక్కని పక్కకి పిలిచి, "పగ పెట్టుకోకమ్మా, మనసు పాడైపోతుంది," అని నచ్చజెప్పింది. "పాడు కానీ ఆంటీ, దాంతో నాకింక వేరే పనేముంది?" అని అక్క పులిహోర వడ్డించుకుంది. ఆ తర్వాత ఆ భోజనాలకి ఎప్పుడూ రాలేదు.

ఉద్యోగం మానేసింది. ఇక్కడి పరీక్షలు రాసి ఎలక్ట్రీషియన్ లైసెన్స్ తెచ్చుకుంది. మొట్టమొదట మరాయి కప్పు ఎక్కింది. మరాయి అంటే ఇక్కడి మూలవాసులైన మావోరీల ఉమ్మడి ఇల్లు. పెళ్ళిళ్ళూ చావులూ సభలూ అన్నీ అక్కడే. అక్కడి వంటిల్లు మిరి ఆంటీ చేతి కింద నడిచేది. మనలాగే వాళ్ళు కూడా పెద్దవాళ్ళని ఆంటీ అనే అంటారు. భారీ మనిషి, చేతికర్ర, ఎవరినీ లెక్కచెయ్యని గొంతు.

"ఈ లోయకి తీగ వెయ్యమని మా నాన్న వాళ్ళ చుట్టూ ఎన్నేళ్ళు తిరిగాడో నాకు తెలుసు," అంది మిరి ఆంటీ అక్కతో. "టౌన్‌లో వెలిగాక ఎప్పటికో మాకు వెలిగింది. నీ కోపం కొత్తది. నాది పాతది. రా, కప్పు చూపిస్తాను."

మరాయి మీద సోలార్ పలకలు పెట్టారు, వెనక గదిలో బ్యాటరీలు పెట్టారు. మళ్ళీ గాలివాన వచ్చినప్పుడు లోయ మొత్తంలో దీపం వెలిగింది అక్కడొక్కచోటే. పిల్లల్నీ ముసలాళ్ళనీ తీసుకుని అందరూ అక్కడికే చేరారు. ఆ సాయంత్రం అక్క అందరికీ టీలు పోస్తూ ఒక్కొక్కర్నీ ఒకటే ప్రశ్న అడిగిందట: "మీకు ఎప్పటికల్లా వస్తుందని చెప్పినారు?"

అదే ఆవిడ వ్యాపార రహస్యం. భూగోళం వేడెక్కడం గురించి ఒక్క ముక్క మాట్లాడేది కాదు. బిల్లు తగ్గుతుందని ఆశ పెట్టేది కాదు. రైతు గేటు మీద చేతులానించి, ఇక్కడ చలికాలం పొగమంచు, ఎండెక్కడిదని సాగదీస్తుంటే, పూర్తిగా వినేది. విని, "ఆ గాలివానలో నీకేమని చెప్పినారు?" అని అడిగేది. ప్రతివాడికీ ఏదో ఒకటి గుర్తొచ్చేది. ఒకడికి ఫ్రీజర్లో కుళ్ళిపోయిన మాంసం. ఇంకొకడికి వెచ్చటి దీపం కింద పెట్టిన గొర్రెపిల్లలు చలికి బిగుసుకుపోవడం. ఆ మొహం ఎర్రబడటం చూశాక అక్క నిచ్చెన దించేది.

సెలవుల్లో నేను వెళ్తే నిచ్చెన పట్టుకోవడం నా పని. ఒకసారి కింద నుంచి అడిగాను, "అక్కా, ఆయన పోయాక నువ్వు ఏడవనే లేదు. ఒకసారి ఏడిస్తే తేలికపడతావేమో."

"ఏడ్సేదానికి టైమేదీ సుధా? పొద్దు పోతాంది. ఆ స్పానర్ అందియ్యి."

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. ఒక చలికాలం పొగమంచు లోయలోంచి కదల్లేదు. బ్యాటరీలు ఒక్కో ఇంట్లో చచ్చిపోతూ వచ్చాయి. కొండనీడలో ఉన్న ఒక ముసలి రైతు ఫోన్ చేసి, నీ పగ కోసం నన్ను చీకట్లో కూర్చోబెట్టావని తిట్టాడు. అక్క ఒక్క మాట తిరిగి అనలేదు. తన ఇంటి బ్యాటరీలు విప్పి తీసుకెళ్ళి ఆయన షెడ్‌లో బిగించి వచ్చింది. ఎండ తగిలే వాలు మీదకి ఆయన పలకల్ని మార్చింది. నేను వెళ్ళేసరికి కట్టెలపొయ్యి ముందు దుప్పటి కప్పుకుని వణుకుతోంది.

"నీకింకా లైన్ ఉందిగా అక్కా! స్విచ్ వేసుకుని హీటర్ పెట్టుకోవచ్చుగా?"

"వాడి కరెంటుతో చలి కాగనా?" అంది, నన్ను అదోలా చూసి.

నిజంగానే లైన్ ఉంది. లోయలో ఒక్కొక్క ఇల్లే తీగ వదిలేసింది. బడి వదిలేసింది, ఉన్ని షెడ్లు వదిలేశాయి. అక్క మాత్రం తన ఇంటి కనెక్షన్ తీయించలేదు. దాని మీద వరండాలో ఒకే ఒక్క బల్బు వెలిగేది. ఎందుకు ఉంచావని అడిగితే, ఆయన పోయాక మొదటిసారి పాత నవ్వు నవ్వింది.

"ఈడి చట్టం ప్రకారం నేను ఒప్పుకోకుండా వాడు తీగ తీసేయకూడదు. ఒక్క బల్బు కోసం వాడు లోయంతా తీగ మోయాల. గాలి వీచినప్పుడల్లా ఈడికి రావాల."

గాలి వీచినప్పుడల్లా అక్క ఫోన్ చేసేది. "మా వరండాలో బల్బు వెలగడం లేదు. మనుషులు బయల్దేరినారా?" పాపం లైన్‌మెన్ వానలో తడుస్తూ వచ్చేవాళ్ళు, పడిన చెట్లు కోసుకుంటూ, ఆ చివరిదాకా. వాళ్ళకి వేడి వేడి పకోడీలు, టీ. వాళ్ళ మీద అక్కకి కోపం లేదు. బల్బు వెలగ్గానే వాళ్ళ ఎదుటే ఆర్పేసి, "థాంక్యూ," అనేది.

కంపెనీ మొదట ఫోన్లు చేసింది. తర్వాత మనుషుల్ని పంపింది. డబ్బిస్తామంది. ఉచితంగా ఇంకో సోలార్ పెడతామంది. చివరికి వాడే, ఆ మేనేజరే, వచ్చాడు. జుట్టు తెల్లబడింది. అక్క లోపలికి రమ్మనలేదు. వరండాలో ఆ బల్బు కిందే నిలబెట్టి మాట్లాడింది.

"మీకేం కావాలి?" అన్నాడు. అలిసిపోయిన గొంతు.

"మరాయికి రా. అందరి ముందూ నువ్వు చేసింది చెప్పు. అప్పుడు తీగ తీసుకుపో."

"మా లాయర్లు ఒప్పుకోరు."

"అట్లయితే మోయి. మళ్ళా గాలి వస్తాది."

గాలి వచ్చింది. ఆ చలికాలం రెండు స్తంభాలు ఏట్లో పడ్డాయి. అవి మళ్ళీ నిలబెట్టి వెళ్ళాక, వసంతంలో వాడు మరాయికి వచ్చాడు.

మరాయి లోపల గోడల నిండా చనిపోయినవాళ్ళ ఫొటోలు ఉంటాయి. వాళ్ళు కూడా సభలో ఉన్నట్టే లెక్క. మిరి ఆంటీ ఆ వరసలో బావగారి ఫొటో పెట్టించింది, మా మనిషేనంటూ. అతిథులు కూర్చునే వైపు వాడొక్కడే కూర్చున్నాడు. ఇటు పక్క లోయ మొత్తం. నేను అక్క పక్కన ఉన్నాను. వాడు లేచి గొంతు సర్దుకుని, ఆ రోజు పరిస్థితులు క్లిష్టంగా ఉన్నాయని మొదలుపెట్టాడు. మిరి ఆంటీ కర్రతో నేలమీద ఒకసారి కొట్టింది.

ఆగిపోయాడు. "మనుషులెవరూ బయల్దేరలేదు," అన్నాడు. "బయల్దేరారని చెప్పించింది నేనే."

కూర్చోబోయాడు.

"ఇంకా ఉంది," అంది అక్క, కూర్చున్నచోటి నుంచే.

వాడికి అర్థమైంది. ఫొటో వైపు చూసి చెప్పాడు: "నేను అలా చెప్పించకపోతే ఆమె ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉండేది."

సభ అయ్యాక అక్కడి పద్ధతి ప్రకారం వచ్చినవాళ్ళు వరసగా ఒక్కొక్కరి ముక్కుకీ ముక్కు ఆనించి పలకరించాలి. వాడు మిరి ఆంటీ దగ్గర వంగాడు. ఆవిడ పద్ధతి తప్పే మనిషి కాదు, ముక్కు ఆనించింది. తర్వాత అక్క ముందుకొచ్చాడు. అక్క చేతులు వెనక్కి కట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"వినడానికి వచ్చినాను. విన్నాను. పో," అంది. తెలుగులోనే అంది. వాడికి ఎవరూ అనువాదం చెయ్యలేదు. అవసరమూ లేకపోయింది.

స్తంభాలు పీకే రోజున అక్క రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో బొరుగులు, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కలిపినవి. క్రేన్ ఒక్కో స్తంభాన్నీ మట్టితో సహా పైకి లాగుతుంటే, నోట్లో గుప్పెడు బొరుగులు వేసుకునేది. కుర్చీ ముందుకు జరుపుకుంటూ అలా ఇంటిదాకా వచ్చింది. ఆఖరి స్తంభాన్ని గడ్డిలో పడుకోబెట్టాక లేచి వెళ్ళి దాన్ని ఒక్క తన్ను తన్నింది. కాలికి గట్టిగానే తగిలినట్టుంది. అక్కడే చతికిలబడి పాదం పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. క్రేన్ డ్రైవర్ ఇంజిన్ ఆపేసి తల పక్కకి తిప్పుకున్నాడు. నేను బొరుగుల గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపు ఏడ్చిందో చెప్పలేను. పొద్దు మాత్రం పోయింది, ఆ రోజు అక్క దాన్ని పట్టించుకోలేదు.

తర్వాత పక్క లోయలవాళ్ళు పిలిచారు. వెళ్ళి పలకలు బిగించింది. ఇప్పుడు ఆ జిల్లాలో ఏ ఉన్ని షెడ్ చూసినా కప్పు నీలంగా మెరుస్తుంది. మైదానంలో కంపెనీ తనే ఎకరాలకి ఎకరాలు పలకలు పరిచింది. మధ్యాహ్నప్పూట వాటి నీడలో గొర్రెలు పడుకుంటాయి. కంపెనీ ప్రకటనల్లో మా లోయ ఫొటో వేసుకున్నారు కూడా, తమ ఘనకార్యమైనట్టు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేసి అక్కకి చెప్పాను.

"పోనీలే సుధా. చిక్కుడుకాయలు శానా కాసినాయి, వచ్చి తీసుకుపో," అంది.

అప్పుడు గమనించాను. స్తంభాలు పోయినప్పటి నుంచీ అక్క నోట 'వాడు' అనే మాట నేను వినలేదు. నేను ఎత్తినా పట్టించుకునేది కాదు. ఎవరి గురించో అన్నట్టు చూసేది. మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం ఆ చిక్కుడు పాదుల్లోనే కూలిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు.

దహనం వెల్లింగ్టన్‌లో జరిగింది. లోయంతా బస్సు మాట్లాడుకుని వచ్చింది. లోపలికి వెళ్తుంటే పార్కింగ్‌లో కారుకి ఆనుకుని వాడు కనపడ్డాడు. రిటైరయ్యాడట. ముసలాడైపోయాడు. లోపలికి వచ్చే ధైర్యం లేదు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"మీరు ఆమె స్నేహితురాలు కదా?"

అవునన్నాను.

"చివర్లో... నా గురించి ఏమైనా అనేవారా?"

ఆ మొహం చూశాను. క్షమించిందంటే కళ్ళనీళ్ళు పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. చచ్చేదాకా నిన్ను తిట్టుకుందంటే తల వంచుకోవడానికీ సిద్ధంగానే ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఆ రెండింట్లో ఏదో ఒకటి వినాలని మోసుకు తిరిగినట్టున్నాడు.

"లేదు," అన్నాను. "మీ ఊసే ఎత్తలేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా. మిమ్మల్ని మర్చిపోయింది."

నేను చెప్పింది అక్షరాలా నిజం. వాడి చెయ్యి కారు తలుపు కోసం వెతుక్కుంది. ఓదార్పుగా ఒక మాట నా నోటిదాకా వచ్చింది, పెద్దవాడు కదా అని. దాన్ని మింగేసి, వాణ్ణి అక్కడే వదిలి లోపలికి నడిచాను.